ఐదు షరతుల ఫాంటు, నాలుగు ప్రశ్నల పరీక్ష

రామభద్ర, మల్లన్న, గిడుగు, గురజాడ, సూరన్న, ధూర్జటి, తిమ్మన. ఇవన్నీ సిలికానాంధ్ర సంస్థ 2010ల తొలి ఏళ్లలో తెలుగువాళ్ల చేతికిచ్చిన యూనికోడ్ ఫాంట్లు. గూగుల్ ఫాంట్స్‌లోకి వెళ్లి పైసా కట్టకుండా దించుకోవచ్చు. పెళ్లిపత్రికకు వాడుకోవచ్చు, ఫ్లెక్సీకి వాడుకోవచ్చు, పుస్తకం అచ్చేసుకోవచ్చు, యాప్‌లో పెట్టుకోవచ్చు. దించుకున్న జిప్ ఫైల్లో ఫాంటుతోపాటు ఒక చిన్న టెక్స్ట్ ఫైలు కూడా వస్తుంది. దాన్ని తెరిచి చదివేవాళ్లు అరుదు. చదివితే అందులో ఐదు షరతులు కనిపిస్తాయి. మొదటి షరతులోనే తిరకాసు ఉంది: ఈ ఫాంటును విడిగా అమ్మరాదు.

హన్మకొండలో ఒక డీటీపీ సెంటర్లో కంపోజింగ్ చేసే కుర్రాడు నన్ను అడిగింది సరిగ్గా దీని గురించే. "సార్, ఈ ఫాంట్లన్ని ఒక పెన్‌డ్రైవ్‌ల ఏసి రెండొందలకు అమ్ముకోవచ్చా? అమ్మొద్దని రాసి ఉన్నది గద, మల్ల దీన్ని ఓపెన్ సోర్స్ అని ఎట్లంటరు?"

మంచి ప్రశ్న. ప్రతులు అమ్ముకునే హక్కు లేకపోతే అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదని ఆ ఉద్యమం మొదటినుంచీ చెబుతోంది. మరి అమ్మొద్దని రాసుకున్న లైసెన్సు ఆ పరీక్ష ఎలా గట్టెక్కింది? గట్టెక్కడమే కాదు, మూడు చోట్ల పరీక్ష రాసి మూడు చోట్లా పాసయింది.

4, 10, 10

లైసెన్సుల్ని తూచే తక్కెడలు లోకంలో ముఖ్యంగా మూడు. రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో పెట్టిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌ది మొదటిది. నాలుగు స్వేచ్ఛలు ఉండాలంటుంది: ఏ పనికైనా నడుపుకోవడం, లోపల ఏముందో చూసి మార్చుకోవడం, ప్రతులు పంచడం, మార్చిన ప్రతుల్నీ పంచడం. వీటికి 0, 1, 2, 3 అని అంకెలు వేశారు. 1986లో తొలిసారి రాసినప్పుడు ఈ సున్నా లేదు. నడుపుకునే హక్కు ఎవరు కాదంటారులే అనుకున్నారు. కాదనేవాళ్లు బయలుదేరాక దాన్ని అన్నిటికంటే ముందు పెట్టాల్సి వచ్చింది. ఈ వ్యాసంలో తప్పిన లైసెన్సుల్లో ఎక్కువ భాగం ఆ సున్నా దగ్గరే తప్పాయి.

రెండోది డెబియన్ మార్గదర్శకాలు, 1997 జులై నాటివి. డెబియన్ అంటే స్వచ్ఛంద కార్యకర్తలు నడిపే లినక్స్ పంపిణీ. ఏది లోపలికి రానివ్వాలో ఏది బయట ఉంచాలో వాళ్లు రోజూ తేల్చుకోవాలి కాబట్టి వాళ్ల వాదనలే అన్నిటికంటే పదునుగా ఉంటాయి. అంశాలు 10. పదోది నిజానికి నిబంధన కాదు, ఆమోదయోగ్యమైన లైసెన్సులకు ఉదాహరణలు. మూడోది ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ నిర్వచనం. 1998లో డెబియన్ పాఠాన్నే తీసుకుని సవరించి రాసుకున్నారు. అందులోనూ ఇవాళ 10 అంశాలు.

ఇక మన కుర్రాడి పెన్‌డ్రైవ్ సంగతి. ఓపెన్ సోర్స్ నిర్వచనం మొదటి అంశాన్ని మెల్లగా చదవాలి. వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన ప్రోగ్రాములన్నీ కలిపిన మూటలో ఒక భాగంగా దీన్ని అమ్మడానికి అడ్డు చెప్పరాదు అని అందులో ఉంది. మూటలో భాగంగా. ఒక్కదాన్నే అమ్మే హక్కు గురించి అక్కడ ఒక్క మాట లేదు. డెబియన్ మొదటి అంశమూ అంతే. ఈ ఫాంట్లతో వచ్చే సిల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు, అంటే ఓఎఫ్‌ఎల్, రెండో షరతులో ఆ మూటకే తలుపు తీసి పెట్టింది: ఏ సాఫ్ట్‌వేర్‌తోనైనా కలిపి ఈ ఫాంటును పంచొచ్చు, అమ్మొచ్చు, కాపీరైటు మాట, లైసెన్సు పాఠం వెంట ఉంటే చాలు.

ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఇంకో అడుగు ముందుకేసింది. ఆ సంస్థ లైసెన్సుల జాబితాలో ఓఎఫ్‌ఎల్ గురించి చెబుతూ, దీంట్లో విచిత్రమైన షరతు ఇదొక్కటేననీ, తెర మీద ఒక పలకరింపు చూపించే చిన్న ప్రోగ్రాము పక్కన పెట్టినా షరతు తీరిపోతుంది కాబట్టి హాని లేదనీ తేల్చేసింది. అంటే లెక్క ఇది. పెన్‌డ్రైవ్‌లో ఏడు ఫాంట్లు మాత్రమే ఉంటే అమ్మకం కుదరదు. ఏడు ఫాంట్లు, ఏడు లైసెన్సు ఫైళ్లు, "నమస్తే ఓరుగల్లు" అని చూపించే ఒక్క వరుస పైథాన్ ప్రోగ్రాము ఉంటే రెండొందలకే కాదు, రెండు వేలకైనా అమ్ముకోవచ్చు. కొనేవాడు దొరకాలి గానీ.

నవ్వొస్తుంది నిజమే. షరతు పెట్టడం ఎందుకు, ఇంత సులువుగా తప్పించుకోనివ్వడం ఎందుకు? ఇది ఫాంటు గీసేవాళ్ల భయం పోగొట్టడానికి రాసిన వాక్యమని నాకనిపిస్తుంది. తెలుగు ఫాంటు గీయడం ఆషామాషీ పని కాదు. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించింది 128 గళ్లే. గుణింతాలు, వత్తులు, సంయుక్తాక్షరాలు కలుపుకుంటే ఫాంటులో వందల రూపాలు గీయాలి. అన్ని నెలలు కూర్చుని గీసినదాన్ని ఎవడో మర్నాడే ధర చీటీ అంటించి అమ్ముకుంటాడేమోనని గీసినవాడికి గుబులుంటుంది. ఆ గుబులు తీర్చే మాట ఒకటి కావాలి, అది స్వేచ్ఛకు అడ్డం పడకూడదు. ఓఎఫ్‌ఎల్ రచయితలు ఆ సందులోంచి నేర్పుగా దూరారు. 2005లో తొలి పాఠం, 2007 ఫిబ్రవరిలో 1.1 పాఠం వచ్చాయి. రెడ్‌హ్యాట్ వారి లోహిత్ ఫాంట్లు 2011లో జీపీఎల్ లైసెన్సు వదిలి దీంట్లోకి వచ్చాయి. గూగుల్ నోటో ఫాంట్లు 2015లో అపాచీ లైసెన్సు వదిలి ఇటే వచ్చాయి. ఫాంటు లోకంలో ఇవాళ ఇదే రాజమార్గం.

పేరు మార్చాల్సిందే

మూడో షరతు కూడా విచిత్రమైనదే. ఫాంటు చేసినవాళ్లు ఒక పేరును తమ కోసం రిజర్వు చేసుకోవచ్చు. అప్పుడు మీరు అందులో ఒక వత్తు సరిచేసి విడుదల చేసినా ఆ పేరు వాడటానికి వీల్లేదు. మార్చుకునే హక్కు ఇచ్చి పేరు లాక్కోవడం న్యాయమేనా? న్యాయమేనని మూడు తక్కెడలూ ఒప్పుకున్నాయి. మార్చిన ప్రతికి వేరే పేరో వేరే వెర్షన్ నంబరో పెట్టమని అడగొచ్చని డెబియన్ నాలుగో అంశంలోనే రాసి ఉంది. ఫైర్‌ఫాక్స్ పేరు మీద మొజిల్లాతో పేచీ వచ్చినప్పుడు డెబియన్ వాళ్లు 2006 నుంచి 2016 దాకా అదే బ్రౌజర్ని ఐస్‌వీజిల్ అనే పేరుతో పంచారు. కోడ్ స్వేచ్ఛ అలాగే ఉంది, బోర్డు మారిందంతే.

ఈ షరతుతో ఆచరణలో ఇబ్బంది లేకపోలేదు. వెబ్‌సైటు త్వరగా తెరుచుకోవాలని ఫాంటులోంచి అవసరమైన అక్షరాలే కత్తిరించి పంపుతారు. అలా కత్తిరించడమూ మార్పు కిందికే వస్తే పేరు మార్చాలి. అందుకే కొత్తగా వచ్చే ఫాంట్లు పేరు రిజర్వు చేసుకోకపోతే మంచిదని గూగుల్ ఫాంట్స్ అడుగుతుంది. నా అభిప్రాయమూ అదే.

నాలుగో షరతు మామూలే, మార్చిన ఫాంటుకు ప్రచారంగా మూలకర్త పేరు వాడుకోవద్దంటుంది. ఐదోది, మార్చినదీ ఇదే లైసెన్సు కింద ఉండాలంటుంది. కానీ ఆ ఐదులోనే ప్రెస్సువాళ్లకు కావాల్సిన మాట ఉంది: ఫాంటుతో తయారుచేసిన పత్రాలకు ఇది వర్తించదు. శుభలేఖ మీది, లగ్గం మీది, దాని మీద సిలికానాంధ్రకు ఏ హక్కూ లేదు.

పోతన పేరిట ఒక మినహాయింపు

ఈ చివరి మాట రాయకపోతే ఏమయ్యేదో చెప్పడానికి ఇంకో తెలుగు ఫాంటు ఉంది, దాని పేరుకు మన జిల్లాతో చుట్టరికం ఉంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసిన పోతన 2000. కవి పోతన ఊరు బమ్మెర ఒకప్పటి వరంగల్ జిల్లాలోది, 2016 పునర్విభజన తర్వాత జనగామలోకి వెళ్లింది. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు విండోస్‌తోపాటే వచ్చేది, దాన్ని లినక్స్‌లోకి ఎత్తుకుపోవడానికి లైసెన్సు ఒప్పుకోదు. ఆ రోజుల్లో లినక్స్‌లో తెలుగు చదవాలనుకున్నవాళ్లకు పోతన, ఆయనదే అయిన వేమన దిక్కయ్యాయి. ఇప్పటికీ డెబియన్‌లో రెండూ ఒకే ప్యాకేజీలో దొరుకుతాయి.

ఇవి జీపీఎల్ ఫాంట్లు. ఫెడోరా అనే మరో లినక్స్ పంపిణీ వాళ్ల పట్టీలో లైసెన్సు గడి దగ్గర జీపీఎల్ 2 లేదా ఆ తర్వాతిది, మినహాయింపులతో అని రాసి ఉంటుంది. ఆ మినహాయింపులోనే కిటుకంతా ఉంది. జీపీఎల్ ప్రోగ్రాముల కోసం రాసిన లైసెన్సు. ఒక జీపీఎల్ ముక్క మీ పనిలో కలిస్తే మొత్తం పనీ జీపీఎల్ కింద ఇవ్వాలంటుంది. పీడీఎఫ్ చేసినప్పుడు ఫాంటు ఆ ఫైల్లోకి చేరి కూర్చుంటుంది. అప్పుడు నవల కూడా జీపీఎల్ అవుతుందా? ఎవరైనా దాన్ని పంచుకోవచ్చా? ఈ సందేహం తీర్చడానికే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఒక మినహాయింపు వాక్యం సూచించింది: పత్రంలో ఫాంటు ఇమిడి ఉన్నంతమాత్రాన ఆ పత్రం జీపీఎల్ పరిధిలోకి రాదు.

లైసెన్సుకు సొంత వాక్యం తగిలించారనగానే అనుమానించాల్సిన పని లేదని ఇక్కడ తెలుస్తుంది. తగిలించిన వాక్యం హక్కు పెంచుతోందా, తగ్గిస్తోందా అన్నదే చూడాలి. పెంచితే ఎంత వింతగా ఉన్నా పేచీ లేదు. భాగవతాన్ని రాజుకు అంకితమివ్వనని పోతన మొండికేశాడని జనం చెప్పుకుంటారు. ఆయన పేరు పెట్టుకున్న ఫాంటు మాత్రం రాజుకూ బంటుకూ ఒకే హక్కులిస్తుంది. ఇవ్వకపోతే డెబియన్ ఐదో అంశం, అంటే మనుషుల మధ్య వివక్ష చూపరాదన్నది, దాన్ని గడప బయటే ఆపేసేది.

మేడారంలో సిగ్నల్ లేనప్పుడు

డెబియన్ వాళ్లు మూటల కొద్దీ లైసెన్సులు చదివి చదివి కొన్ని ఊహా పరీక్షలు తయారుచేసుకున్నారు. అందులో ఒకటి ఎడారి దీవి పరీక్ష. దీవిలో ఒంటరిగా చిక్కుకున్నవాడు, బయటికి కబురు పంపే దారి లేనివాడు, ఈ లైసెన్సును పాటించగలడా? మనకు దీవి అక్కర్లేదు, మేడారం జాతర చాలు. లక్షల జనం మధ్య ఫోన్ మూగబోయినప్పుడు ఇద్దరు మిత్రులు కూర్చుని ఒక ప్రోగ్రామును సవరించి మూడోవాడికిచ్చారనుకోండి. సవరించిన ప్రతిసారీ రచయితకు మెయిల్ చేయాలని లైసెన్సులో ఉంటే ఆ క్షణంలోనే వాళ్లు దాన్ని ఉల్లంఘించినట్టు. ఫెయిల్.

తెలుగులో సరదాగా చేసి పంచే సాఫ్ట్‌వేర్లలో, నిఘంటువుల్లో ఈ మాట నేను తరచూ చూస్తుంటాను: వాడితే నాకొక మెయిల్ చేయండి. మర్యాదగా అడిగితే అది విన్నపం, దానివల్ల నష్టం లేదు. "చేయాలి" అని రాస్తే అది షరతు, మొత్తం లైసెన్సు అక్కడే చెడిపోతుంది. క్రియాపదం చివర ఒక్క ముక్క తేడా.

ఈ తేడాకు విమ్ అనే టెక్స్ట్ ఎడిటరు చక్కటి నిదర్శనం. కంప్యూటర్ చదువులు చదివిన మన పిల్లల్లో చాలామంది దాంట్లోంచి బయటపడటం తెలియక ఒకసారైనా తిట్టుకుని ఉంటారు. 2023లో కన్నుమూసిన బ్రామ్ మూలెనార్ దాన్ని రాశారు. ఉగాండాలో పేద పిల్లలకు సాయం చేయండని అది తెరుచుకోగానే అడుగుతుంది. అంతకంటే విచిత్రమైన లైసెన్సు ఉంటుందా? కానీ అది అడగడమే, కట్టడి కాదు. దాంట్లో నిజమైన షరతు వేరే ఉంది: మార్చి పంచినవాళ్లు, నిర్వాహకుడు కోరితే ఆ మార్పుల్ని ఆయనకూ అందుబాటులో ఉంచాలి. కోరితేనే. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ దాన్ని స్వేచ్ఛా లైసెన్సుగా గుర్తించింది, జీపీఎల్‌తో కలపొచ్చనీ చెప్పింది.

మంచికే వాడాలట

ఇప్పుడు తప్పిన పిల్లల సంగతి. వీటిలో విచిత్రమేమిటంటే, చూడగానే మనం తలూపేసే మంచి మాటలే వీటిని ముంచాయి.

వెబ్‌లో సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి వాడే జేసన్ ఫార్మాట్‌ను ప్రచారంలోకి తెచ్చిన డగ్లస్ క్రాక్‌ఫర్డ్, తన కోడ్‌కు ఎంఐటీ లైసెన్సు పెట్టి ఒక్క వాక్యం అదనంగా చేర్చాడు. ఈ సాఫ్ట్‌వేర్‌ను మంచికే వాడాలి, చెడుకు వాడరాదు అని. ఎవరు కాదంటారు? డెబియన్ కాదంది. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ కాదంది. అపాచీ ఫౌండేషన్ 2016లో తన ప్రాజెక్టుల్లో దాన్ని వాడొద్దని నిషేధించింది. ఏది మంచి, ఏది చెడు, ఎవరు తేలుస్తారు? సారా కాంట్రాక్టరు లెక్కల సాఫ్ట్‌వేర్‌లో వాడితే? పోలీసులు వాడితే? వాళ్ల మీద ఉద్యమం చేసేవాళ్లు వాడితే? సున్నా నంబరు స్వేచ్ఛ అడ్డుపడేది ఇక్కడే: ఏ పనికైనా నడుపుకోవచ్చు. 2022లో అతడి జావా కోడ్‌ను పబ్లిక్ డొమైన్‌లో పెట్టేయడంతో దాని గొడవ తీరింది. ఒక్క వాక్యం వల్ల ఎన్నో ఏళ్లు ఎంతోమంది అదే పని చేసే వేరే కోడ్ రాసుకున్నారు.

మన దగ్గర ఎక్కువ కనిపించేది ఇంకో రకం: వ్యక్తిగత వాడకానికి మాత్రమే. లాభాపేక్ష లేని పనులకు ఉచితం. ఇది ఉదారంగానే వినిపిస్తుంది గానీ డీటీపీ సెంటర్ దృష్టితో చూడండి. కూతురి పెళ్లిపత్రికను తండ్రి ఇంట్లో తయారుచేసుకుంటే చెల్లుతుంది. అదే పత్రికను అదే ఫాంటుతో చౌరస్తా దగ్గరి ప్రెస్సువాడు చేసి డబ్బులు తీసుకుంటే చెల్లదు. ఓపెన్ సోర్స్ నిర్వచనంలో ఆరో అంశం, ఏ రంగాన్నీ వెలివేయరాదన్నది, ఇలాంటివాటిని ఒక్క వేటుతో కొట్టేస్తుంది. క్రియేటివ్ కామన్స్‌లో వ్యాపారేతర గుర్తున్న లైసెన్సులు, మార్పులు వద్దనే గుర్తున్నవి ఈ పరీక్షకు నిలవవు. పేరు పెట్టి, అదే లైసెన్సుతో ఇమ్మనే గుర్తులున్నవి వేరే కోవలోవి.

సర్వర్ సాఫ్ట్‌వేర్ లోకంలో మరో గొడవ నడుస్తోంది. మోంగోడీబీ 2018 అక్టోబరులో తీసుకొచ్చిన ఎస్‌ఎస్‌పీఎల్ లైసెన్సు, ఆ డేటాబేస్‌ను సేవగా అమ్మేవాళ్లు తమ సేవ నడవడానికి వాడే సాఫ్ట్‌వేరంతా బయటపెట్టాలంది. ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ ఆమోదం కోసం పంపి, వాదనలు తేలకముందే 2019లో తామే వెనక్కి తీసుకున్నారు. బిజినెస్ సోర్స్ లైసెన్సు ఇంకో రకం: ఇప్పుడు ఆంక్షలు, గరిష్ఠంగా నాలుగేళ్ల తర్వాత స్వేచ్ఛ. హషికార్ప్ 2023 ఆగస్టులో దీనికి మారగానే ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ టెర్రాఫామ్ వాడేవాళ్లు పాత కోడ్‌తో ఓపెన్‌టోఫు అనే కొత్త కొమ్మ వేశారు. నాలుగేళ్ల తర్వాత స్వేచ్ఛ వస్తుంది కదా అంటే, వస్తుంది, నాలుగేళ్ల పాత సాఫ్ట్‌వేర్‌కు.

70 కోట్ల గీత

ఈ లెక్కల్లో నాకు అన్నిటికంటే ఆసక్తిగా కనిపించే అంకె మెటా కంపెనీ లామా మోడల్‌ది. కృత్రిమ మేధ మోడల్‌ను 2023 జులైలో ఓపెన్ సోర్స్ అని ప్రచారం చేసి విడుదల చేశారు. లైసెన్సులో ఒక గీత ఉంది: విడుదల నాటికి అంతకుముందు నెలలో మీ సేవల వాడకందార్లు 70 కోట్లు దాటి ఉంటే మీరు మెటాను ప్రత్యేకంగా అనుమతి అడగాలి.

2011 జనగణన ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 8.11 కోట్లు. అంటే తెలుగు కోసమే నడిచే కంపెనీ ఏదైనా, ఈ లెక్కలోని ప్రతి తెలుగువాడూ దాన్ని వాడినా, ఆ గీతలో ఎనిమిదో వంతు కూడా చేరదు. మరి మనకేం బాధ? ఆచరణలో ఏమీ లేదు. సూత్రంగా చూస్తే పెద్ద బాధే ఉంది. ఆ గీత చేతివేళ్ల మీద లెక్కపెట్టగల పోటీ కంపెనీల కోసం గీసింది. పేర్లు రాయకుండా పేర్లు చెప్పడం అది. మనుషుల మధ్య వివక్ష చూపరాదన్న ఐదో అంశం పెద్ద కంపెనీకీ వర్తిస్తుంది, మనకిష్టం లేని కంపెనీకీ వర్తిస్తుంది.

2024 సెప్టెంబరు నాటి లామా 3.2తో ఆ వివక్ష ఇంకా ముందుకొచ్చింది. బొమ్మల్ని కూడా అర్థం చేసుకునే మోడళ్ల మీద హక్కులు ఐరోపా సమాఖ్యలో స్థిరపడినవాళ్లకు ఇవ్వడం లేదని రాశారు. కాజీపేటలో రైలెక్కి చదువుకు వెళ్లి మ్యూనిక్‌లో స్థిరపడిన అన్నకు ఆ మోడల్ మార్చుకునే హక్కు లేదు. హన్మకొండలో ఉన్న తమ్ముడికి ఉంది. ఇద్దరూ ఒకే తెలుగు ప్రాజెక్టు మీద పనిచేస్తుంటే ఏం చేయాలి?

ఇంకో తమాషా చూడండి. ఓఎఫ్‌ఎల్, మారిస్తే పాత పేరు పెట్టొద్దంటుంది. లామా 3 లైసెన్సు అందుకు సరిగ్గా ఎదురు: దీంతో చేసిన మోడల్ ఏదైనా పంచితే దాని పేరు లామా 3 అన్న మాటతోనే మొదలవ్వాలి. తెలుగు పిల్లకు ఏ పేరు పెట్టుకున్నా ముందు వాళ్ల ఇంటిపేరు చేర్చాలి. ఇలాంటి షరతుకు డెబియన్ నాలుగో అంశంలో చోటు లేదు.

గూగుల్ జెమ్మా మోడల్‌కు 2024లో పెట్టిన నిబంధనలదీ ఇదే వరస. తెలుగు ఎల్ఎల్ఎం ల్యాబ్స్ వాళ్లు 15 భారతీయ భాషల కోసం నవరస 2.0 మోడల్‌ను దాని మీదే కట్టారు. మంచి పని, మన పిల్లలు చేసిన పని. కానీ పునాది నిబంధనల్లో వాడకం మీద నిషేధాల పట్టీ ఉంది, పంచేవాళ్లంతా దాన్ని కిందివాళ్లకు అంటగట్టాలి, నిబంధన తప్పారనుకుంటే వాడకాన్ని దూరం నుంచైనా ఆపే హక్కు గూగుల్ దగ్గర ఉంది. పైన కట్టినవాళ్లు ఎంత ఉదారంగా ఉన్నా పునాదిలోని షరతులు గోడల్లోకి ఎక్కుతాయి. ఉచితంగా దొరకడం వేరు, దొరికినదాని మీద మనకు హక్కుండటం వేరు. ఇందులో మొదటిదే ఉంది.

వికీపీడియా కూడా ఒకప్పుడు

మనవాళ్లు రోజూ వాడే తెలుగు వికీపీడియా కూడా ఒకప్పుడు ఇలాంటి చిక్కు దాటినదే. 2003 డిసెంబరులో మొదలైనప్పుడు అది గ్నూ ఫ్రీ డాక్యుమెంటేషన్ లైసెన్సు కింద ఉండేది. సాఫ్ట్‌వేర్ మాన్యువళ్ల కోసం రాసిన లైసెన్సు అది. దాని ప్రకారం ఓరుగల్లు కోట మీది ఒక పేజీ వ్యాసాన్ని కరపత్రంగా అచ్చేసి పంచాలన్నా, ఇంగ్లీషులో ఉన్న లైసెన్సు పాఠం మొత్తం వెంట అచ్చేయాలి. వ్యాసం ఒక పేజీ, లైసెన్సు దానికి కొన్ని రెట్లు. అందులోనే మార్చకూడని భాగాలు అనే వెసులుబాటు కూడా ఉంది. రచయిత ముందుమాట, అనుబంధం లాంటి భాగాన్ని ఎవరూ ముట్టుకోకుండా బిగించేయొచ్చు. డెబియన్ వాళ్లు దీని మీద 2006లో ఓట్లేసుకుని, అలాంటి భాగాలు లేని పుస్తకాలే స్వేచ్ఛా పుస్తకాలని తేల్చారు. నాలుగు స్వేచ్ఛలు రాసిన సంస్థ లైసెన్సునే డెబియన్ సగం ఫెయిల్ చేసిందన్నమాట.

2009లో వికీమీడియా సభ్యులు క్రియేటివ్ కామన్స్‌కు మారాలా అని ఓటింగ్ పెట్టారు. పడినవి 17,462 ఓట్లు. మారాలన్నవి 13,242, వద్దన్నవి 1,829, ఏ అభిప్రాయమూ లేదన్నవి 2,391. నూటికి 75.8 మంది ఒప్పుకున్నారు. ఆ ఏడాది జూన్‌లో మార్పు అమల్లోకి వచ్చింది.

మన చట్టంలో ఐదేళ్ల గడువు

ఇంతవరకు మాట్లాడిన మూడు తక్కెడలూ అమెరికాలో పుట్టినవో, అక్కడి న్యాయశాస్త్రం నీడలో పెరిగినవో. మన దగ్గర 1957 నాటి కాపీరైటు చట్టం ఉంది. దాంట్లో ఓపెన్ సోర్స్ వాళ్లు చదవాల్సిన రెండు సెక్షన్లున్నాయి, చదివేవాళ్లు తక్కువ.

సెక్షన్ 19 కాపీరైటు హక్కుల బదలాయింపు గురించి. అందులో ఐదో ఉపవిభాగం, కాలపరిమితి చెప్పకపోతే ఐదేళ్లుగా భావించాలంటుంది. ఆరోది, ఎక్కడ చెల్లుతుందో చెప్పకపోతే భారతదేశం వరకే అనుకోవాలంటుంది. సెక్షన్ 30ఏ ఈ నియమాల్ని, తగిన మార్పులతో, లైసెన్సులకూ వర్తింపజేస్తుంది. రచయితల్ని మోసపోకుండా కాపాడటానికి పెట్టిన నియమాలివి. స్వచ్ఛందంగా అందరికీ పంచేసే లైసెన్సుల ఊహ వీటిలో లేదు.

ఇప్పుడు ఓఎఫ్‌ఎల్ పాఠం మళ్లీ తెరవండి. ఎన్నేళ్లు అన్న మాట లేదు. అనుమతి ప్రపంచమంతటా చెల్లుతుందన్న మాట లేదు. ఎంఐటీ లైసెన్సులోనూ లేవు. అపాచీ 2.0లో శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా అని రెండూ ఉన్నాయి. జీపీఎల్ 3లో కాపీరైటు ఉన్నంతకాలం, వెనక్కి తీసుకోలేని విధంగా అని ఉంది. మన దగ్గర రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. అక్షరార్థంగా చదివితే, మౌనంగా ఉన్న లైసెన్సు ఆ కాలంలో ఐదేళ్లకే హక్కిస్తుందని ఎవరైనా వాదించడానికి సందు ఉంది. ఫాంటు చేసిన పెద్దాయన మాట తప్పకపోవచ్చు, ఆయన తదనంతరం వారసులు వేరేలా ఆలోచించొచ్చు. మూడు తక్కెడల్లో తూగిన లైసెన్సు నాలుగో తక్కెడలో, అంటే మన కోర్టులో, తేలికైపోకూడదు.

కాబట్టి ఒక మాట, తెలుగులో ఫాంట్లు, నిఘంటువులు, పదాల పట్టికలు, గొంతు రికార్డింగులు తయారుచేసి పదిమందికీ పంచుతున్నవాళ్లకు. దయచేసి సొంతంగా లైసెన్సు రాయకండి. మంచికే వాడండి, వ్యాపారానికి వాడకండి, నాకు తప్పక చెప్పండి, మన రాష్ట్రంవాళ్లకే లాంటి షరతులు పెట్టకండి. ఫాంటైతే ఓఎఫ్‌ఎల్, ప్రోగ్రామైతే జీపీఎల్ 3 గానీ అపాచీ గానీ తీసుకోండి. ఓఎఫ్‌ఎల్, ఎంఐటీ తీసుకుంటే పక్కన వేరే ఫైల్లో ఒక వాక్యం రాసి సంతకం చేయండి: ఈ అనుమతి ప్రపంచమంతటా, కాపీరైటు ఉన్నంతకాలం చెల్లుతుంది. హక్కు పెంచే వాక్యమే కాబట్టి పోతన ఫాంటు మినహాయింపులాగే ఇదీ ఏ పరీక్షలోనూ తప్పదు.

ఇక ఫాంట్లు వాడేవాళ్లకు. ప్రతి ఫాంటు ఫైలు లోపల ఒక పేర్ల పట్టిక ఉంటుంది. అందులో 0 నంబరు గడిలో కాపీరైటు, 13లో లైసెన్సు, 14లో లైసెన్సు చిరునామా రాస్తారు. ఫాంట్‌ఫోర్జ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిస్తే ఇవన్నీ కనబడతాయి. విండోస్‌లోనైతే ఫాంటు ఫైలు మీద కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూస్తే కాపీరైటు, పత్రంలో ఇమడ్చవచ్చో లేదో తెలుస్తాయి. 13వ గడి ఖాళీగా ఉండి, లైసెన్సు ఫైలూ వెంట రాలేదంటే, ఆ ఫాంటు ఎంత అందంగా ఉన్నా గిరాకీ పనికి వాడకండి.